చివరి కుట్టు దగ్గర ఆగిన గొడుగు

పోయిన వారం మామగారిని కార్ఖానా గుమ్మంలో నిలబెట్టి మనం మన పనుల్లో పడిపోయాం. పాపం, ఆ పెద్దమనిషి ఇంకా అక్కడే ఉన్నారు, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. కోడలికి మాట ఇచ్చారు కదా మరి. ఈ ఒక్క పూట, భోజనాల గంట కొట్టేదాకా, గొడుగుల కార్ఖానా కోడలు చెప్పినట్టు నడుస్తుంది. తట్టల కొద్దీ ముక్కలు కత్తిరించి గుట్ట పోయడం ఉండదు. ఒక గొడుగుకి కావలసిన గుడ్డ కత్తిరించగానే కుట్టు మిషను మీదికి, కుట్టగానే కడ్డీలకు కట్టే బల్ల మీదికి, అక్కణ్ణుంచి పిడి బిగించే చోటికి, ఆఖరున పెద్దమ్మ ముందుకి రావాలి. ఎవరికి ఏ తప్పు కనిపించినా నడిమి స్తంభానికి వేలాడదీసిన ఈల ఊదాలి. ఈల మోగితే అందరూ చేతులాపాలి. పూట గడిచేసరికి గొడుగులు సవ్యంగా వచ్చాయా, ఇక ముందు కార్ఖానా ఇలాగే నడుస్తుంది. రాలేదా, మామగారు ఈ చోటుని టోకు వ్యాపారికి సరుకు దాచుకునే కొట్టుగా ఇచ్చేస్తారు. అప్పుడు ఇక్కడ మిషన్లూ ఉండవు, వాటి ముందు మనుషులూ ఉండరు.

ఆ ఈల కోడలు తన పాత ఉద్యోగం నుంచి తెచ్చుకున్నది. పెళ్లికి ముందూ, పెళ్లయ్యాక కొంతకాలమూ ఆమె బస్సుల డిపోలో పనిచేసింది. ఏ బస్సు ఎప్పుడు కదలాలి, ఏది మరమ్మతుకి పోవాలి అన్నది ఆమె చూసేది. అందుకని కార్ఖానాలో ఆమె వినకుండా అందరూ ఆమెను 'డిపో' అంటారు. ఎదురుగా కోడలమ్మా అంటారు. ఆమెకు రెండు పేర్లూ తెలుసు, రెండూ నచ్చుతాయి కూడా.

పొద్దున పని ఉత్సాహంగానే మొదలైంది. నిన్నటిదాకా గుడ్డ కత్తిరించే బల్ల గదికి ఈ కొసన, కుట్టు మిషన్లు వాకిలికి ఆవలి గదిలో ఉండేవి. మధ్యలో తట్ట నెత్తిన పెట్టుకుని తిరగడమే పనిగా ఒక మనిషి ఉండేది. కోడలు అన్ని బల్లల్నీ జరిపించి, ఒకరు చెయ్యి చాపితే రెండోవాళ్లకి అందేలా వరసగా వేయించింది. తట్టలు మోసే ఆవిడ మొదట బిక్కమొహం వేసింది. "నీ కాళ్లకి విశ్రాంతి, చేతులకి పని" అని కోడలు ఆవిడకు పిడి బిగించడం నేర్పించి కూర్చోబెట్టింది. ఇప్పుడు ఆవిడ పుట్టినప్పటి నుంచీ అదే పని చేస్తున్నట్టు బిగిస్తోంది.

వరసలో మొదటి మనిషి సుద్దముక్క. అసలు పేరు అందరూ మర్చిపోయారు. చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది. తలస్నానం చేసేటప్పుడైనా తీస్తాడో లేదో వాళ్లింట్లోవాళ్లని అడగాలి. గుడ్డ మీద చెక్క అచ్చు పెట్టి, చుట్టూ సుద్దతో గీసి, కత్తెర పట్టాడంటే ఆ గీత మీద చీమ నడిచినా తప్పుకోవలసిందే. అలాంటి ముక్కలు ఎనిమిది కలిపితే ఒక గొడుగు.

మొదటి గొడుగు చేతులు మారుతూ చకచకా వెళ్లింది. దాని వెనకే రెండోది. ఈల మోగలేదు. మామగారి రెండో కాలు కూడా నెమ్మదిగా లోపలికి వచ్చింది. కోడలు గుండె నిండా గాలి పీల్చుకుంది. ఆమెకు ఈ పద్ధతి మీద ఎంత నమ్మకమంటే, భోజనాలయ్యాక మామగారితో ఏం మాట్లాడాలో కూడా మనసులో సర్దుకుంటోంది.

అంతలో గొడుగులు ఆగిపోయాయి.

ఎక్కడో కాదు, చివరి బల్ల దగ్గర. పెద్దమ్మ ముందు ఒక గొడుగు విప్పి ఉంది. పక్కన మరొకటి ఎదురు చూస్తోంది. చూస్తూండగానే ఇంకోటి వచ్చి చేరింది, ఆ పైన ఇంకోటి. పిడి బిగించే ఆవిడ పెట్టే చోటు లేక ఒళ్లో పెట్టుకుంది. కడ్డీలకు గుడ్డ కట్టే పిల్ల చేతులు కట్టుకుని కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది. మిషన్ల చప్పుడు సన్నగిల్లింది. ఎవరో ఇకిలించారు.

"అమ్మాయ్" అన్నారు మామగారు గుమ్మం దగ్గర్నుంచి, గొంతులో తీపి ఒలకబోస్తూ. "నీ బస్సు నడిరోడ్డు మీద ఆగిపోయినట్టుందే."

"ఆగితేనే కదా మామయ్యగారూ, ఎందుకాగిందో తెలిసేది" అంది కోడలు. పైకి అలా అంది గానీ లోపల కాస్త బెదిరింది. ఇంకెక్కడైనా ఆగుతుందేమోనని ఎదురు చూసింది గానీ పెద్దమ్మ దగ్గర ఆగుతుందని కల్లో కూడా అనుకోలేదు.

ఎందుకంటే పెద్దమ్మ అంటే ఆ కార్ఖానాలో ఆషామాషీ కాదు. మామగారికి స్వయానా అక్క, మిగతా అందరికీ పెద్దమ్మ. మామగారు నిక్కర్లేసుకుని గొడుగు కడ్డీలతో కత్తియుద్ధాలు చేసే రోజుల నుంచీ చివరి బల్ల ఆవిడదే. గొడుగు తెరిచి, తిప్పి, అంచుల్ని వేలితో తడిమి, బాగుందంటేనే అది బయటికి పోతుంది. కోడలు ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని సూదిలో దారం ఎక్కించడం నుంచి నేర్పింది ఆవిడే. మామగారితో కోడలికి పేచీ వచ్చిన ప్రతిసారీ "ఒరేయ్, పిల్ల చెప్పేది పూర్తిగా విను" అని తమ్ముడి నోరు మూయించింది ఆవిడే. ఈ ఒక్క పూట పందెం కూడా పెద్దమ్మ మాట సాయం లేకపోతే జరిగేది కాదు.

కోడలు ఒక స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చుంది. పెద్దమ్మ తలెత్తలేదు. చేతిలో గొడుగుని కడ్డీల నుంచి సగం విప్పేసింది. చిన్న కత్తెర మొనతో చివరి కుట్టుని పైనుంచి కిందిదాకా టకటకా తెంపుతోంది.

"ఏంటి పెద్దమ్మా, విప్పేస్తున్నారు?"

"ఏం లేదులే. చిన్న సర్దుబాటు."

"ఇందాకటిది కూడా విప్పినట్టున్నారు?"

"అది వేరే సర్దుబాటు."

కోడలు ఇంకేం అడగకుండా చూస్తూ కూర్చుంది. పెద్దమ్మ తెంపిన చోట రెండు ముక్కల్నీ దగ్గరికి లాగి, వేలెడు వెడల్పున మడత పెట్టి, మళ్లీ కుట్టింది. కడ్డీలకి మళ్లీ కట్టింది. తెరిచింది. ఇంతకు ముందు వదులుగా వేలాడుతున్న గుడ్డ ఇప్పుడు బిగుతుగా నిలబడింది. పక్కన పెట్టి ఇంకోటి అందుకుంది. చివరి కుట్టు మీదికి కత్తెర పోయింది.

కోడలు ఆ కత్తెర మీద చెయ్యి వేసింది.

"ప్రతి గొడుగూనా పెద్దమ్మా?"

పెద్దమ్మ నీళ్లు నమిలింది. "ప్రతిదీ అని కాదు..."

"ప్రతిదీనా?"

"ఆఁ, ప్రతిదీ. అయితే ఏంటిప్పుడు? బయటికి పోయేది బాగానే పోతోందిగా. ఒక్కడైనా వచ్చి గొడుగు వదులుగా ఉందన్నాడా?"

కోడలికి అప్పుడు తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ పెద్దమ్మ బల్ల పక్కన ఎప్పుడు చూసినా తట్టల నిండా గొడుగులుండేవి. అంత సరుకు ఉందంటే పని జోరుగా సాగుతోందని అందరూ మురిసిపోయేవాళ్లు. ఆ గుట్ట వెనక పెద్దమ్మ కూర్చుని కార్ఖానా అంతా ఒకసారి కుట్టిన గొడుగుని తనొక్కతే రెండోసారి కుడుతోందని ఎవరికీ కనబడలేదు. ఇవాళ గుట్ట లేదు. గుట్ట లేకపోయేసరికి ఆవిడ చేతులు కనబడ్డాయి.

"మరి ఈల ఊదలేదేం పెద్దమ్మా? మీకు మొదటి గొడుగుకే తెలిసిపోయిందిగా."

పెద్దమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఊదితే ఏమవుతుంది? ఎవరు చేశారు, ఎవరు చేశారని వెతుకుతారు. ఎవరో ఒకరు దొరుకుతారు. వాళ్లని నలుగురి ముందూ నిలబెడతారు. నాకిష్టం లేదమ్మా."

"ఎవరు నిలబెడతారు?"

"నీకు తెలీదు. మా నాన్న ఉన్న రోజుల్లో ఇక్కడ ఒకమ్మాయి కుట్టేది. చెయ్యి మంచిదే. ఓ రోజు కొట్టువాళ్లు వదులు గొడుగొకటి తెచ్చి మా నాన్న మొహాన పడేశారు. ఆయన ఆ పిల్లని ఇదిగో, ఈ స్తంభం దగ్గరే నిలబెట్టి అనరాని మాటలన్నాడు. ఆ పిల్ల మర్నాటి నుంచి మళ్లీ రాలేదు. తప్పు ఆ పిల్లదో, గుడ్డదో, కడ్డీదో ఎవరికి తెలుసు? ఎవరూ చూడలేదు. ఆ రోజే అనుకున్నాను, తప్పు ఈ బల్ల దాటి బయటికి పోకూడదు, వెనక్కీ పోకూడదు అని. నేనుండగా పోలేదు కూడా."

ఆవిడ ఆ మాట గర్వంగానే అంది. ఈ మనిషి ఇంతమందిని తిట్లు తగలకుండా ఇన్నేళ్లు తన వేళ్ల వెనక దాచుకుంది. ఇప్పుడు ఆ వేళ్లని ఆపమని చెప్పవలసింది తను. మామగారితో పోట్లాడటం దీనికంటే వెయ్యి రెట్లు సులువు.

"పెద్దమ్మా, మా డిపోలో ఒకాయన ఉండేవాడు" అంది నెమ్మదిగా. "బస్సులు కడిగేవాడు. చాలా మంచివాడు. ఒక బస్సులో ఇంజను చల్లబరిచే నీళ్లు కారిపోతుండేవి. చెబితే డ్రైవర్ని తిడతారని, రోజూ పొద్దున్నే వచ్చి చడీచప్పుడు లేకుండా నీళ్లు నింపేసేవాడు. డ్రైవరుకీ తెలీదు, మెకానిక్కుకీ తెలీదు, నాకూ తెలీదు. బస్సు బంగారంలా ఉందనుకున్నాం. ఓ రోజు ఆయనకి జ్వరమొచ్చి రాలేదు. జనంతో నిండిన బస్సు ఎర్రటి ఎండలో సలసలా కాగిపోయి, ఊరికి దూరంగా నిలబడిపోయింది."

పెద్దమ్మ కత్తెర మొనకి చిక్కుకున్న దారప్పోగు లాగి పారేసింది.

"మీకు జ్వరం వస్తే పెద్దమ్మా?"

"నాకు రాదు."

"మొన్న సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలిచారు. అంతకు ముందు వారం కూడా పిలిచారు."

పెద్దమ్మ కత్తెర బల్ల మీద పెట్టేసింది. మొహం ఎర్రబడింది. "అంటే, నేనిన్నాళ్లూ చేసింది దండగంటావు. చెప్పు, పర్లేదు. తట్టలు దండగన్నావు, నడక దండగన్నావు, ఎదురుచూపులు దండగన్నావు. ఇప్పుడు నా వంతు వచ్చింది."

కోడలు కావాలంటే అప్పుడు ఒక తియ్యటి అబద్ధం ఆడొచ్చు. మీరు లేకపోతే కార్ఖానా ఏమైపోతుంది పెద్దమ్మా అనొచ్చు. ఆవిడ మొహం విచ్చుకునేది. భోజనాల గంట దాకా ఎలాగో నెట్టుకొచ్చేవాళ్లు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తనకి మొట్టమొదట సూది పట్టడం నేర్పిన మనిషికి అబద్ధం చెప్పాలంటే మనసొప్పలేదు.

"విప్పి మళ్లీ కుట్టడం దండగే పెద్దమ్మా" అంది. "కొనుక్కున్నవాళ్లకి మంచి గొడుగు కావాలి. దాన్ని ఎన్నిసార్లు విప్పి కుట్టామో వాళ్లకెందుకు? కానీ గొడుగులో తేడా ఉందని, అది ఎంత తేడానో, ఈ గదిలో మీకొక్కరికే తెలుసు. ఆ తెలిసిందంతా మీరు మడతలో పెట్టి కుట్టేస్తున్నారు. సుద్ద బాబాయికి చేరట్లేదు, మిషను మీదున్నవాళ్లకి చేరట్లేదు. వాళ్లు రోజూ అదే తప్పు చేస్తున్నారు, మీరు రోజూ అదే మడత వేస్తున్నారు."

"ఈల ఊదితే వాళ్లని తిడతారే!"

"తిట్టరు. మొదట ఎవరు నోరు జారితే వాళ్లని నేనే చెయ్యి పట్టుకుని బయటికి పంపుతాను. మామయ్యగారైనా సరే."

గుమ్మం దగ్గర గట్టిగా దగ్గు వినబడింది. మామగారి చెవులు ఆ వయసులో కూడా పాము చెవులే.

పెద్దమ్మ లేచింది. స్తంభం దాకా నడిచి ఈల చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నోట్లో పెట్టుకుని ఊదింది. ఉస్సుమని గాలి వచ్చింది. కడ్డీల పిల్ల కిసుక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మకి రోషం వచ్చింది. రెండోసారి ఊదిన ఊపుకి మిషన్లు టక్కున ఆగిపోయాయి. వీధిలో పోతున్న వాళ్లెవరో ఆగి లోపలికి తొంగిచూశారు.

"గొడుగులు వదులుగా ఉన్నాయి" అంది పెద్దమ్మ. "అన్నీ. ఇవాళే కాదు. ఎప్పటి నుంచో."

తిట్లెక్కణ్ణుంచి వస్తాయా అని అందరూ మామగారి వైపు చూశారు. మామగారు కోడలి వైపు చూసి, నోరు తెరిచి, మళ్లీ మూసేసుకున్నారు.

"ఎవరు చేశారని అడగట్లేదు" అంది కోడలు. "ఎక్కడ మొదలైందని అడుగుతున్నాను. వెనక్కి నడుద్దాం, రండి."

ముందు కడ్డీల పిల్ల ఒప్పుకుంది. "కట్టేటప్పుడు నాకు వదులుగానే అనిపించిందక్కా. పెద్దమ్మ ఉందిగా అనుకున్నా." మిషను మీది ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. అంచుకి అంచు కలిపి కుట్టామని, కుట్టులో తేడా లేదని చూపించారు. నిజమే, లేదు. "కుట్టినాక కాస్త పెద్దదిగా ఉన్నట్టుండేది కోడలమ్మా. కానీ పెద్దమ్మ ఉందిగా అని..." అందరి నోటా అదే మాట వస్తుంటే పెద్దమ్మ తల దించుకుంది. అప్పటిదాకా ఆ మాట ఆవిడకు పూలదండలా ఉండేది.

మిగిలింది సుద్దముక్క.

"నా కత్తెరనా?" అని ఎగిరాడు. "నా కత్తెరనే? ఇదిగో అచ్చు, ఇదిగో ముక్క. వెంట్రుక వాసి తేడా ఉంటే ఈ పూటే కత్తెర కింద పెట్టేస్తా!"

పెట్టి చూశారు. వెంట్రుక వాసి కూడా తేడా లేదు. అచ్చు ఎలా ఉందో ముక్క అలాగే ఉంది. సుద్దముక్క ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"మరి ఈ అచ్చు ఎక్కణ్ణుంచి వచ్చింది బాబాయ్?" అంది కోడలు.

"నేనే చేశా. పాతది అంచులరిగిపోతే దాన్ని కొత్త చెక్క మీద పెట్టి గీసుకున్నా."

"ఆ పాతది?"

"అదీ నేనే. దాని ముందుదాన్ని చూసి. నేను దేన్నీ పారెయ్యను, అన్నీ ఉన్నాయి, కావాలంటే చూడు." బల్ల వెనక మేకులకి తగిలించిన పాత చెక్కల్ని తీసుకొచ్చాడు. "అరిగిన అచ్చు కదా, ఉన్నదున్నట్టు గీస్తే కొలత తగ్గిపోతుంది. అందుకని ప్రతిసారీ అరిగినంత మేరా కాస్త వదిలి గీసేవాణ్ణి. అంతమాత్రం తెలీదా ఏంటి నాకు?"

చెబుతూనే అచ్చుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చాడు. కొత్తది అడుగున, దాని మీద పాతది, దాని మీద ఇంకా పాతది. పేర్చేసరికి అంచులు మెట్లలా కనబడ్డాయి. ప్రతి అచ్చూ తన ముందుదానికంటే కాస్త ఒళ్లు చేసింది. అరిగిందానికంటే ఆయన ప్రతిసారీ రవ్వంత ఎక్కువే వదిలాడు, తక్కువైతే గొడుగు పాడవుతుందన్న భయంతో. ఆ రవ్వంత ఒక ముక్కలో ఎవరి కంటికీ ఆనదు. ఎనిమిది ముక్కలు కలిశాక పెద్దమ్మ వేలెడు మడత అవుతుంది.

సుద్దముక్క ఆ మెట్ల వంక చూస్తూ ఉండిపోయాడు. చెవి మీది సుద్ద జారి కింద పడింది. తియ్యలేదు.

"బాబాయ్" అంది కోడలు, "మీరు జాగ్రత్త ఎక్కువై చేశారు. పెద్దమ్మ ప్రేమ ఎక్కువై దాచారు. తిట్టడానికి నాకు మనిషి దొరకట్లేదు."

ఎవరో నవ్వారు. సుద్దముక్క కూడా నవ్వబోయి ముక్కు చీదుకున్నాడు.

"నవ్వులు సరే. సరైన కొలత ఎక్కడుంది?" అన్నారు మామగారు. అచ్చుల్ని తిప్పి చూస్తున్నారు. "పాతవన్నీ అరిగిపోయాయి. వీటిని నమ్మితే ఈసారి గొడుగు తెరుచుకోదు."

"నా దగ్గరుంది" అంది పెద్దమ్మ.

అందరూ పక్కకి తప్పుకున్నారు. ఆవిడ తన బల్ల దగ్గరికి వెళ్లి, అప్పుడే సరిచేసిన గొడుగు తిరగేసి, మడత పొడవునా ఒక కాగితం పట్టీ పెట్టి, మడత ఎంత వెడల్పుందో అంత కత్తిరించింది. ఆ పట్టీని నిలువునా సగానికి మడిచింది. మళ్లీ సగానికి. మళ్లీ సగానికి. ఎనిమిదో వంతు మిగిలింది, గోరంచంత. దాన్ని తీసుకెళ్లి సుద్దముక్క చేతిలో పెట్టింది. "ఒక్కో ముక్కకి ఇంత ఎక్కువవుతోంది. అచ్చులో ఇంత తీసెయ్యి నాయనా" అంది.

సుద్దముక్క అచ్చు అంచుని గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. కాస్త రుద్దడం, పెద్దమ్మకి చూపించడం. పెద్దమ్మ పట్టీ పెట్టి చూసి ఇంకా అనడం. ఇంకా, ఇంకా, చాలు. కొత్త గుడ్డ పరిచాడు. ముక్కలు తెగాయి, మిషను మీదికి పోయాయి, కడ్డీలకెక్కాయి, పిడి బిగిసింది. గొడుగు పెద్దమ్మ చేతికి వచ్చింది.

తెరిచింది. ఠప్పుమని విచ్చుకుంది. గుడ్డ మీద వేలితో కొడితే చిన్న డప్పులా మోగింది. అలవాటుగా ఆవిడ చేతులు చివరి కుట్టు దగ్గరికి వెళ్లాయి. తడిమాయి. అక్కడ విప్పడానికేం లేదు. గొడుగుని అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. పక్కన పెట్టేసి ఖాళీ చేతుల్ని ఒళ్లో పెట్టుకుంది. ఆవిడకు సంతోషంగానూ ఉంది, ఏడుపూ వస్తోంది. రెండూ దాచుకోలేకపోయింది.

"రేపటి నుంచి మీ కుర్చీ సుద్ద బాబాయి పక్కన వేస్తాను పెద్దమ్మా" అంది కోడలు. "మొదట్లోనే మీరు తడిమి చూస్తే చివర్న ఎవరూ తడమక్కర్లేదు."

"వాడి పక్కనా? వాడు రోజంతా తనలో తను మాట్లాడుకుంటాడే!" అంది పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ.

భోజనాల గంటకి ఇంకా వ్యవధి ఉంది గానీ మామగారు ఆగలేకపోయారు. గది మధ్యకి వచ్చి, కోడలి తల మీద చెయ్యి పెట్టి, "అమ్మాయ్, నువ్వే గెలిచావు" అన్నారు. ఆయన మొహంలో ఓడిపోయిన కళ ఎక్కడా లేదు. పైగా ఏదో దాచుకుని ఆత్రపడుతున్న చిన్నపిల్లాడిలా ఉన్నారు. "నేనేదో మొండివాణ్ణనుకుంటారు మీరంతా. నీ మాట నా చెవిలోకి ఎక్కడం లేదనుకున్నావు కదూ? ఇలా రా, నీకొకటి చూపిస్తాను."

వాకిలి దాటి వెనక గదివైపు నడిచారు. కోడలు, ఆమె వెనక పెద్దమ్మ, ఆ వెనక సుద్దముక్క. ఆ గది గురించి కోడలు కూడా అప్పుడే ఆలోచిస్తోంది. వానాకాలం రాబోతోందని కిందటి నెలలన్నీ సుద్దముక్క చేతికి ఖాళీ లేకుండా కత్తిరించిన ముక్కలన్నీ నేల నుంచి పైకప్పు దాకా అందులోనే ఉన్నాయి. అన్నీ ఒళ్లు చేసిన అచ్చుతో కత్తిరించినవే. ప్రతి కట్టలోనూ కార్ఖానా ముద్ర కొట్టిన ముక్కలున్నాయి. ఫర్వాలేదు, ఒక్కొక్కటే అంచు కత్తిరించుకుంటూ పోతే అన్నీ పనికొస్తాయి అని ఆమె ధైర్యంగానే లెక్క వేసుకుంటోంది.

మామగారు తలుపు బార్లా తెరిచారు.

గదిలో ఏమీ లేదు. నేల శుభ్రంగా చిమ్మి ఉంది. కిటికీలోంచి వచ్చిన ఎండ ఎదుటి గోడ దాకా పడుతోంది. ఆ గోడ రంగేమిటో కోడలు మొదటిసారి చూసింది.

"ఎలా ఉంది?" అన్నారు మామగారు మురిసిపోతూ. "ఈ గదిలో పడున్నదంతా దండగ, ఇది మన పీక మీద కూర్చుందని నువ్వేగా అన్నావు? మీరు ఈలలూ అచ్చుల గొడవలో ఉండగా వెనక వైపు మనుషుల్ని పెట్టి ఇందాకే మొత్తం బండెక్కించేశాను. టోకు వ్యాపారి తీసుకున్నాడు. వాళ్లు ఇళ్లల్లో ఇచ్చి కుట్టించుకుంటారట. మన ముద్రే ఉంచుతానన్నాడు, మన పేరంటే కొట్లవాళ్లకి గురి కదా!"

వాళ్ల మొహాలు చూసేసరికి ఆయన నవ్వు కొంచెం కొంచెంగా జారిపోయింది. "ఏంటి? ఏమైంది? నువ్వు చెప్పిందే కదమ్మా నేను చేసింది?"

నిజమే, ఆమె చెప్పిందే. గట్టిగా, పదే పదే, నలుగురి ముందూ చెప్పింది. ఆ ముక్కల్లో ఏముందో ఒక్కసారి తెరిచి చూడకుండా చెప్పింది.

పెద్దమ్మ తమ్ముడి దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్, ఇక్కడైతే నేనున్నాను. అక్కడ చివర్న ఎవరున్నార్రా?"

మామగారికి అప్పుడర్థమైంది. అక్క వంక, ఖాళీ గది వంక, కోడలి వంక చూశారు.

"బండి ఏ వైపు వెళ్లింది మామయ్యగారూ?" అంది కోడలు. ఆయన చెయ్యెత్తి చూపించేలోపే ఆమె వాకిలి దాటేసింది.